జెరూసలేం ప్రశ్నలు గుణదల కొండ దగ్గర

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడలోని గుణదల మేరీమాత తిరునాళ్లకు లక్షల్లో జనం వస్తారు. 1924లో ఫాదర్ అర్లాటి ఇక్కడ మాత విగ్రహం నిలిపిన నాటి నుంచి పెరుగుతూ వచ్చిన యాత్ర ఇది. వచ్చేవాళ్లంతా క్రైస్తవులు కారు. మొక్కుకున్న హిందువులూ పిల్లాపాపలతో కొండెక్కుతారు, తలనీలాలిస్తారు, కొబ్బరికాయ కొడతారు.

ఆ జనంలో ఒకామెను ఆపి ఒక ప్రశ్న అడిగామనుకుందాం. ప్రశ్న నేరుగా ఆమె గురించి కాదు. ఎవరో ఒక స్త్రీ గురించి రెండు ముక్కలు చదివి వినిపిస్తాం. ఆ స్త్రీకి దేవుడి మీద నమ్మకం చాలా ముఖ్యం, తన మతం చెప్పినట్టు నడుచుకోవాలని గట్టిగా ప్రయత్నిస్తుంది. ఈ మనిషి ఎంతవరకు మీలాంటిదో చెప్పమని అడుగుతాం. 'అచ్చం నాలాగే' దగ్గర మొదలై 'అస్సలు నాలా కాదు' దాకా ఆరు జవాబులుంటాయి. ఒకటి ఎంచుకోవాలి.

బిడ్డ జబ్బు నయమైతే మాతకు తలనీలాలిస్తానని మొక్కుకున్న హిందూ తల్లి ఏ జవాబు ఎంచుకోవాలి? భక్తిలో ఆమెకు లోటు లేదు. అయితే ఈ కొండెక్కమని ఆమె మతం చెప్పలేదు, ఆమె మనసు చెప్పింది. ప్రశ్న రాసినవాళ్ల ఊహలో భక్తి, మతం చెప్పినట్టు నడుచుకోవడం ఒకే తాడుకు రెండు పేటలు. ఆమె బతుకులో అవి విడివిడిగా ఉన్నాయి. అయినా ఆమె ఏదో ఒక గడిలో టిక్కు పెడుతుంది. అడిగినప్పుడు జవాబు చెప్పడం మర్యాద కదా. ఆ టిక్కు ఒక అంకెగా మారుతుంది, అంకెల నుంచి సగటు వస్తుంది, సగటు ఒక పట్టికలోకి ఎక్కుతుంది. ఫలానా దేశస్థులు సంప్రదాయానికి ఇంత విలువ ఇస్తారని ఆ పట్టిక చూసి రాస్తారు.

పై ప్రశ్న డజన్ల కొద్దీ దేశాల్లో వాడిన ప్రశ్నావళిలోది. రోములో అడిగినప్పుడు ఏది కొలుస్తోందో గుణదలలోనూ దాన్నే కొలుస్తోందని మనకెలా తెలియాలి? అది తేల్చే పనిని మనస్తత్వ శాస్త్రంలో సప్రమాణత పరిశీలన అంటారు. అనువాదం బాగుందా లేదా అన్నది అందులో చిన్న భాగం. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

పది విలువలు, ఒక వలయం

జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన షాలోమ్ ష్వార్ట్జ్ 1992లో 20 దేశాల సమాచారంతో ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. మనుషులు ముఖ్యమనుకునే విలువలు ఎన్ని రకాలుగా కనిపించినా మూలంలో పదే అన్నది ఆయన ప్రతిపాదన. అధికారం, విజయ సాధన, సుఖం, కొత్తదనం కోసం తపన, స్వనిర్ణయం, లోకహితం, అయినవాళ్ల మేలు, సంప్రదాయం, కట్టుబాటు, భద్రత. అంతకుముందు కూడా విలువల జాబితాలు వేసినవాళ్లున్నారు. అమెరికాలో ఆల్‌పోర్ట్, వెర్నన్ 1931లోనే ఒక ప్రశ్నావళి తెచ్చారు. రోకీచ్ 1973లో 36 విలువలిచ్చి వరుసలో పేర్చమన్నాడు. ష్వార్ట్జ్ కొత్తగా చెప్పింది ఆ విలువల మధ్య ఉండే సంబంధం గురించి.

ఈ పదీ ఒక వలయంలో కూర్చుంటాయన్నారాయన. పక్కపక్కనున్నవి ఒకదానికొకటి తోడు. ఎదురెదురుగా ఉన్నవి ఒకదాన్నొకటి వెనక్కి లాగుతాయి. తన దారి తానే ఎంచుకోవాలనుకునే మనిషికి పెద్దలు గీసిన గీత దాటకూడదన్న పట్టుదల సాధారణంగా తక్కువ. పదిమంది మీద పెత్తనం కావాలనుకునేవాడికి లోకహితం మీద ధ్యాస తక్కువ. ఏ విలువ ఎక్కువ, ఏది తక్కువ అన్నది ఊరూరికీ మారవచ్చు. దేనికి ఏది పక్కన, ఏది ఎదురు అన్న అమరిక మాత్రం అన్ని చోట్లా ఒకటేనని ఆయన వాదం.

ఈ వాదాన్ని సమాచారంతో పరీక్షించవచ్చు. ప్రతి ప్రశ్ననూ కాగితం మీద ఒక చుక్క అనుకోండి. ఒకే మనుషులు రెండు ప్రశ్నలకూ ఎక్కువ మార్కులు వేస్తుంటే ఆ చుక్కలు దగ్గరగా, ఒకదానికి ఎక్కువ వేసినవాళ్లు రెండోదానికి తక్కువ వేస్తుంటే దూరంగా పెట్టాలి. అదే విశ్వవిద్యాలయానికి చెందిన లూయీ గట్‌మన్ ఇలా చుక్కలు పేర్చే గణిత పద్ధతిని అభివృద్ధి చేశాడు. పరిశోధకుడు చుక్కలను తన చేత్తో ఎక్కడా జరపడు. జనం ఇచ్చిన జవాబులే వాటిని పేరుస్తాయి. పేర్చాక వలయం వచ్చిందా, లేదా?

చాలా దేశాల్లో వచ్చింది. భారతదేశంలో రాలేదు. ఇక్కడి నమూనాల్లో చుక్కలు ఉండాల్సిన చోట లేవు. మలేషియాలో, సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో, వెనకబడిన దేశాల పల్లెల్లో కూడా అదే పరిస్థితి.

ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు తేలికైన దారి ఒకటుంది. ఆ దేశాల వాళ్ల విలువల్లోనే పొందిక లేదనో, వాళ్ల మనసు వేరే తీరులో పనిచేస్తుందనో రాసి ఊరుకోవచ్చు. వలస పాలన కాలం నుంచి మన గురించి అలా రాసినవాళ్లకు కొదవ లేదు. ష్వార్ట్జ్ ఆ దారి పట్టలేదు. లోపం ముందు తన పనిముట్టులో వెతికారు. ఆయన చేసిన మొత్తం పనిలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది ఈ అడుగే.

ఆయన మొదటి ప్రశ్నావళిలో 56 విలువలు పేర్లతో ఉండేవి. సమానత్వం, అంతరంగ ప్రశాంతి, సామాజిక అధికారం వంటి మాటలు, ఒక్కొక్కదాని పక్కన చిన్న వివరణ. ముందు జాబితా అంతా చదవాలి. తన బతుకును నడిపించే విలువకు 7 వేయాలి. తన విలువలకు విరుద్ధమైనదానికి 'మైనస్ 1' వేయాలి. తక్కినవన్నీ ఆ రెంటి మధ్య సర్దాలి. యూనివర్సిటీ విద్యార్థికి ఇది అలవాటైన వ్యాయామం. చదువు మధ్యలో ఆగినవాళ్లకు, విడి మాటలను తూకం వేసే పరీక్షలతో పరిచయం లేనివాళ్లకు ఇది విలువల పరీక్ష కంటే ముందు చదువు పరీక్ష అవుతుంది. వాళ్ల జవాబుల్లో కలగాపులగంగా కనిపించింది వాళ్ల మనసు కాదు, ఆ పరీక్ష పెట్టిన ఇబ్బంది.

ఆ గ్రహింపు నుంచి పుట్టిందే మన తిరునాళ్ల ప్రశ్న. 2001లో ప్రకటించిన కొత్త ప్రశ్నావళిలో మనుషుల చిన్న చిన్న చిత్రణలుంటాయి. ఎక్కడా 'విలువ' అన్న మాట రాదు. ఆ మనిషి మీలాంటివాడా కాదా అన్నదొక్కటే చెప్పాలి. దీన్ని దక్షిణాఫ్రికాలో 3,210 మందికి, ఇటలీలో 5,867 మందికి, ఉగాండాలో 13-14 ఏళ్ల బాలికలు 840 మందికి ఇచ్చారు. మొదటి ప్రశ్నావళి తడబడిన ఆఫ్రికాలోనే, బడిపిల్లల జవాబుల్లో సైతం వలయం వచ్చింది. మారింది అడిగే తీరు, అంతే.

వాడు, అతను, ఆయన

ఈ చిత్రణల పద్ధతిని తెలుగులోకి తెచ్చే మనిషికి మొదటి వాక్యంలోనే చిక్కు ఎదురవుతుంది. ఇంగ్లీషులో ఆ మనిషిని ఒకే సర్వనామంతో పిలుస్తారు. అందులో గౌరవమూ లేదు, అగౌరవమూ లేదు. తెలుగులో అలాంటి తటస్థమైన మాట దొరకదు. వాడు, అతను, ఆయన, వారు అన్న నాలుగింటిలో ఏది వాడినా ఆ మనిషి వయసు, హోదా, మనకు అతనితో ఉన్న దూరం తేలిపోతాయి. 'ఆయనకు డబ్బు చాలా ముఖ్యం' అంటే ఒక పెద్దమనిషి కనిపిస్తాడు. 'వాడికి డబ్బు చాలా ముఖ్యం' అంటే తిట్టినట్టే ఉంటుంది. పదహారేళ్ల కుర్రాడిని 'ఆయన నీలాంటివాడా' అని అడిగితే ఆ పోలికకే సంకోచిస్తాడు. ఆడపిల్లల ప్రతిలో ఆమె, ఆవిడ మధ్య ఎంపిక కూడా ఇంతే.

1970లో రిచర్డ్ బ్రిస్లిన్ ప్రచారంలోకి తెచ్చిన తిరుగు అనువాద పద్ధతిని దాదాపు అందరూ పాటిస్తారు. ఒకరు ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తారు. అసలు ప్రతి చూడని మరొకరు ఆ తెలుగును మళ్లీ ఇంగ్లీషు చేస్తారు. రెండు ఇంగ్లీషు ప్రతులను పక్కపక్కన పెట్టి తేడాలు చూస్తారు. అవసరమైన పనే. కానీ వాడు, అతను, ఆయన ముగ్గురూ తిరుగు ప్రయాణంలో ఒకే ఇంగ్లీషు సర్వనామంగా మారిపోతారు. కాగితం మీద తేడా ఏమీ మిగలదు, అనువాదం భేషుగ్గా ఉందని సంతకాలు పడతాయి. ఈ తప్పు దొరకాలంటే నలుగురైదుగురిని కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చదివించి, వినగానే ఎవరు గుర్తొచ్చారో, ఆ జవాబు ఎందుకు ఎంచుకున్నారో బయటికి చెప్పించాలి. 'మా మేనమామ గుర్తొచ్చాడు' అన్న ఒక్క మాట ఎన్ని గణాంకాలైనా చెప్పలేని సంగతి చెబుతుంది. తెలుగు ప్రశ్నావళుల పనిలో తొందరపడి దాటేసే అంచె ఇదేనని నా అభిప్రాయం.

సంప్రదాయం అనే మూట

గుణదల నుంచి పటమట ఎంతో దూరం లేదు. అక్కడ బెంజి సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం ఉంది. గోరాగా పేరుపొందిన గోపరాజు రామచంద్రరావు, సరస్వతి గోరా 1940లో ముదునూరులో స్థాపించి, 1947లో విజయవాడకు మార్చిన సంస్థ అది. గోరా దేవుణ్ణి నమ్మలేదు, కులాన్ని నమ్మలేదు, శకునాన్ని నమ్మలేదు. కులం కాని కులంలో కూతురి పెళ్లి చేశారు. మరోపక్క ఎంతో నిరాడంబరంగా, ఉన్నదానితో తృప్తిగా బతికారు.

ఈ చిత్రణల ప్రశ్నావళికి బాగా వాడుకలో ఉన్న రూపంలో సంప్రదాయాన్ని కొలిచే చిత్రణలు నాలుగు. మతం చెప్పినట్టు నడవడం ఒకటి, పాత ఆచారాలు పాటించడం ఒకటి, వినయంగా ఒదిగి ఉండటం ఒకటి, ఉన్నదానితో తృప్తిపడి ఇంకా కావాలనకపోవడం ఒకటి. నాలుగు మార్కులూ కలిపి సగటు కడితే సంప్రదాయానికి మార్కు వస్తుంది. గోరా 1975లోనే కన్నుమూశారు, ఈ కాగితం ఆయన చూడలేదు. కానీ ఆయనలా బతికే మనిషి దీన్ని నింపితే ఏమవుతుందో చూడండి. మొదటి రెంటికీ 'అస్సలు నాలా కాదు', చివరి రెంటికీ 'అచ్చం నాలాగే'. సగటు నడిమధ్యన పడుతుంది. సంప్రదాయం మీద మధ్యస్థమైన మక్కువ ఉన్న మనిషి అని కాగితం చెబుతుంది. జీవితమంతా సంప్రదాయంతో పోరాడినవాడి గురించీ అదే మాట, నెలకోసారి గుడికి వెళ్లే మామూలు గృహస్థు గురించీ అదే మాట. ఒకే అంకె, ఇద్దరు వేర్వేరు మనుషులు.

ఇలాంటి మూటను పట్టుకోవడానికి అందరూ వాడే పరికరం 1951లో లీ క్రాన్‌బాక్ ఇచ్చిన ఆల్ఫా. ఒకే విలువను కొలవాల్సిన ప్రశ్నలకు జవాబులు కలిసికట్టుగా నడుస్తున్నాయా లేదా చెబుతుంది. సంప్రదాయానికి ఆల్ఫా చాలా దేశాల్లో తక్కువగా వచ్చింది. అయితే ఆల్ఫాను దేవుణ్ణి చేయకూడదు. ఒకే వాక్యాన్ని నాలుగు రకాలుగా తిప్పి రాస్తే ఆల్ఫా బ్రహ్మాండంగా వస్తుంది, కొలిచేది మాత్రం ఇరుకైపోతుంది. మన దగ్గర పరిశోధన పత్రాల్లో ఆల్ఫా 0.7 దాటిందని ఒక వాక్యం రాసి సప్రమాణత నిరూపితమైనట్టు ముందుకు వెళ్లిపోవడం కనిపిస్తుంది. అది విశ్వసనీయతకు సంబంధించిన ఒక ఆధారం మాత్రమే. సప్రమాణత సంగతి అది ముట్టుకోనే లేదు.

2012లో ష్వార్ట్జ్ బృందం తమ సిద్ధాంతాన్ని సవరించి పది విలువలను 19గా విడదీసింది. అందులో వినయం సంప్రదాయం నుంచి విడిపోయి సొంత చోటు సంపాదించుకుంది. ఉన్నదానితో తృప్తిపడే చిత్రణ కూడా దాని వెంటే వెళ్లింది. నలుగురిలో పరువు కాపాడుకోవడం ఇంకో కొత్త విలువగా చేరింది. ఈ కొత్త ప్రశ్నావళిని తర్వాత 49 సాంస్కృతిక సమూహాల్లో పరీక్షించారు.

పరువు అంత ఆలస్యంగా చేరడం తెలుగు పాఠకుడికి వింతగా అనిపించవచ్చు. మన దేశంలో విద్యాశాస్త్ర పరిశోధకులు ఎంతోకాలంగా వాడుతున్న షెర్రీ, వర్మల వ్యక్తిగత విలువల ప్రశ్నావళిలో కుటుంబ ప్రతిష్ఠ మొదటి నుంచీ ఉంది. మతం, సమాజం, ప్రజాస్వామ్యం, సౌందర్యం, ధనం, జ్ఞానం, సుఖం, అధికారం, ఆరోగ్యం తక్కిన తొమ్మిది. ఇక్కడివాళ్లు ఇక్కడి బతుకు చూసి తయారు చేసుకున్న జాబితా కాబట్టి ప్రతిష్ఠ దృష్టి దాటిపోలేదు. హాంకాంగులో మైఖేల్ బాండ్ 1987లో ఇలాంటిదే చేసి చూపించాడు. చైనా పండితుల చేత చైనా విలువల జాబితా రాయించి, దాన్ని 22 దేశాల్లో వాడితే, పాశ్చాత్య ప్రశ్నావళుల్లో ఎన్నడూ కనిపించని కొత్త కోణం బయటపడింది. మన దగ్గర తయారైన ప్రశ్నలు బయటికి వెళ్లి అక్కడివాళ్లను కొలవడం ఇంకా అరుదే. జరగాల్సిన పని.

షెర్రీ, వర్మల ప్రశ్నావళికీ ఒక పరిమితి ఉంది. 40 ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు ప్రత్యామ్నాయాలు. బాగా నచ్చినదానికి 2, నచ్చనిదానికి సున్నా, మిగిలినదానికి 1. ఎవరు నింపినా మొత్తం 120 మార్కులే. ఒక విలువ పెరిగిందంటే మరొకటి తగ్గి తీరాలి. ఒక మనిషిలో ఏది ముందు, ఏది వెనక అన్నది దీంతో బాగా తెలుస్తుంది. ఇద్దరు మనుషుల్లో ఎవరికి జ్ఞానం మీద ఎక్కువ మక్కువ అన్నది తెలియదు. పైగా విలువల మధ్య వైరం లెక్కలోనే పుట్టుకొస్తుంది కాబట్టి, నిజంగా ఏవి ఒకదాన్నొకటి వెనక్కి లాగుతున్నాయో దీన్నిబట్టి తేల్చలేం.

ర్యాంకు ఎవరిది?

వలయంలో విజయ సాధనకు ఎదురుగా అయినవాళ్ల మేలు, లోకహితం ఉంటాయి. గెలవాలన్న తపన తన కోసం, మేలు చేయాలన్న తపన ఇతరుల కోసం అన్న లెక్క అది. విజయవాడ చుట్టుపక్కల ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారుజామున లేచి చదివే పిల్లలను చూసినవాళ్లకు ఈ లెక్క దగ్గరే సందేహం వస్తుంది. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు కావాలని అక్కడి ఒక పిల్ల కోరుకోవడంలో తన కోసం ఎంత, ఎకరం అమ్మి ఫీజు కట్టిన నాన్న కోసం ఎంత, వెనకే చదవాల్సిన తమ్ముడి కోసం ఎంత?

ఈ సందేహం ఆంధ్ర నేల మీద అరవై ఏళ్ల కిందటే తలెత్తింది. గెలవాలన్న ప్రేరణే దేశాలను అభివృద్ధి చేస్తుందని 1961లో పుస్తకం రాసిన హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్, ఆ ప్రేరణను నేర్పించవచ్చా అని చూడటానికి ఎంచుకున్న ఊళ్లలో కాకినాడ ఒకటి. 1964 నుంచి కాకినాడ వ్యాపారులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడటానికి రాజమండ్రిని పెట్టుకున్నారు. డేవిడ్ వింటర్‌తో కలిసి ఆయన ఈ కథంతా 1969లో పుస్తకంగా తెచ్చాడు. ప్రేరణను కొలవడానికి ఆయన వాడింది ప్రశ్నావళి కాదు. బొమ్మ చూపించి కథ చెప్పించేవారు, కథలో గెలుపు గురించిన ఊసులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేవారు. శిక్షణ పొందినవాళ్లు తర్వాత వ్యాపారంలో చురుగ్గా మారారని ఆ పుస్తకం చెప్పింది. అయితే సొంత గెలుపు ఊసులకే మార్కులిచ్చే పద్ధతిలో, చెల్లెలి పెళ్లి కోసం దుకాణం పెంచిన అన్న కథకు మార్కులెలా వేయాలి?

1968లో ఉదయ్ పరీక్ ఈ లోటును నేరుగా పట్టుకున్నారు. గెలవాలన్న ప్రేరణ ఒక్కదానితో మన సమాజంలో అభివృద్ధిని వివరించలేమని, ఇతరులకు ఉపయోగపడాలన్న ప్రేరణను కూడా చేర్చాలని వాదించారు. 1986లో రీటా అగర్వాల్, గిరీశ్వర్ మిశ్రా భారతీయులు విజయమంటే ఏమనుకుంటున్నారో అడిగితే, మంచి మనిషి అనిపించుకోవడం, ఇతరుల బాగు చూడటం కూడా విజయాల్లోకే వచ్చాయి. జోన్ మిల్లర్ 1990లో మైసూరువాళ్లనూ అమెరికాలోని న్యూహేవెన్‌వాళ్లనూ పోల్చి చూసింది. అవసరంలో ఉన్నవాడికి సాయం చేయడం మైసూరులో విధిగా చేయాల్సిన పని. న్యూహేవెన్‌లో, ప్రాణాపాయం లాంటివి తప్ప, చాలావరకు ఎవరిష్టం వాళ్లది. తర్వాతి పరిశోధనల్లో ఆమె ఇంకో సంగతి చూపించింది. విధిగా చేసే పనిలో కూడా భారతీయులు తృప్తినీ, తామే ఎంచుకున్నామన్న భావాన్నీ పొందుతారు.

వీటిని కలిపి చూస్తే గుణదల విద్యార్థుల జవాబుల్లో విజయ సాధన చుక్క కాస్త అయినవాళ్ల మేలు వైపో, కట్టుబాటు వైపో జరగవచ్చని ఊహించడం సమంజసం. జరిగితే ష్వార్ట్జ్ సిద్ధాంతం కూలిపోదు. 'విజయం' అన్నప్పుడు ఆ ప్రశ్నలు ఇక్కడ వేరే దాన్ని కదిలించాయని అర్థం. అలాంటప్పుడు ఆ ప్రశ్నల మార్కులు తీసుకుని మన పిల్లలు స్వార్థపరులనో, జర్మనీ పిల్లల కంటే గెలుపు పిచ్చి ఎక్కువనో అనడానికి ఎవరికీ హక్కు లేదు.

ఒకే కాటా అనడానికి మూడు మెట్లు

రెండు ఊళ్ల కాటాలను పోల్చాలంటే మూడు సంగతులు చూడాలి. రెండూ బరువునే తూస్తున్నాయా? కిలో పెరిగితే రెంటిలోనూ ముల్లు ఒకే దూరం జరుగుతోందా? ఖాళీ పళ్లెం మీద రెండూ సున్నాయే చూపిస్తున్నాయా? ప్రశ్నావళుల విషయంలోనూ ఇవే మూడు మెట్లు. మొదటి మెట్టు దాటితే రెండు చోట్లా ఒకే విలువలున్నాయనవచ్చు. రెండోది దాటితే ఆ విలువలకూ ప్రవర్తనకూ ఉన్న సంబంధాన్ని రెండు చోట్లా పోల్చవచ్చు. సగటు మార్కులను పోల్చి ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అనాలంటే మూడోది కూడా దాటి తీరాలి.

మూడో మెట్టు ఎంత కష్టమో ఐరోపా అనుభవమే చెబుతుంది. 2002లో మొదలైన యూరోపియన్ సోషల్ సర్వేలో ఈ చిత్రణలను 21కి కుదించి వాడారు. ఎల్దాద్ దవిదోవ్, పీటర్ ష్మిట్, ష్వార్ట్జ్ కలిసి 20 దేశాల సమాచారాన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. పది విలువల్లో ఏడింటినే విడివిడిగా గుర్తించగలిగారు. రెండో మెట్టు దాటారు. మూడోది దాటలేకపోయారు. ఇరుగుపొరుగు ఐరోపా దేశాల సగటులనే నేరుగా పోల్చడానికి వీల్లేదని తేలితే, గుణదల సగటును ఓస్లో సగటు పక్కన పెట్టి ర్యాంకులివ్వడం ఎంత సాహసమో ఆలోచించండి.

ముల్లు సున్నా దగ్గర ఎందుకు నిలవదు? ఒక కారణం జవాబిచ్చే అలవాటు. కొందరు ఏది అడిగినా అవుననే వైపు మొగ్గుతారు, కొందరు అంచులకు పోరు. ఇందుకే ఒక మనిషి అన్ని ప్రశ్నలకూ వేసిన మార్కుల సగటును, ఒక్కో విలువ మార్కులోంచి తీసేయమని ష్వార్ట్జ్ సూచించారు. చాలావరకు పనిచేస్తుంది. రెండో కారణం అంత తేలిగ్గా పోదు. స్టీవెన్ హైన్, ఆయన సహచరులు 2002లో చెప్పినట్టు, ప్రతి మనిషీ తన చుట్టూ ఉన్నవాళ్లతో పోల్చుకుని జవాబిస్తాడు. రోజుకు పన్నెండు గంటలు చదివే పిల్లల మధ్య ఎనిమిది గంటలు చదివే అమ్మాయి, కష్టపడే మనిషి చిత్రణ చూసి 'నాలా కాదు' అంటుంది. అందరూ కష్టపడే ఊళ్లో కష్టానికి మార్కులు తగ్గుతాయి. ఈ చిక్కు ఏ లెక్కతోనూ పూర్తిగా విడదు. నిజంగా చేసే పనులను కూడా కొలిచి, వాటితో మార్కులు పొసుగుతున్నాయా అని చూడాలి.

మళ్లీ మళ్లీ అడిగితే అదే జవాబు రావాలన్న విశ్వసనీయత సూత్రాన్నీ కళ్లు మూసుకుని వాడలేం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగిపోయాయి. ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి అక్కడి కుటుంబాలను ఇవే ప్రశ్నలు అడిగి ఉంటే భద్రత మార్కు మారకపోతేనే కొలమానాన్ని అనుమానించాలి.

ఎవరిని అడగాలి?

తెలుగులో ఇలాంటి పని శ్రద్ధగా జరిగిన ఉదాహరణ మన కళ్లముందే ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపించిన 'యంగ్ లైవ్స్' అధ్యయనం 2002 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లో, దాదాపు 3,000 మంది పిల్లల ఎదుగుదలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. ఇక్కడ హైదరాబాదులోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ సెస్, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం అందులో పాలుపంచుకున్నాయి. ఇథియోపియా, పెరూ, వియత్నాం పిల్లలతో పోల్చేందుకు ఆత్మగౌరవం, తన బతుకు తన చేతుల్లో ఉందన్న నమ్మకం వంటివి కొలిచే వాక్యాలు వాడారు. ఇవి విలువల ప్రశ్నలు కాకపోయినా పాఠం ఒకటే. వ్యతిరేకార్థంలో ఉన్న వాక్యాలు పిల్లలను తికమకపెట్టేవి. 'నేను ఎప్పుడూ సిగ్గుపడను' అన్న వాక్యానికి 'లేదు' అని జవాబొస్తే పిల్లాడు సిగ్గుపడతానన్నాడా, పడనన్నాడా? తర్వాతి విడతల్లో అలాంటి వాక్యాలను సూటిగా తిరగరాశారు. కొలమానాన్ని ఒకసారి పరీక్షించి పక్కన పెట్టకుండా, విడత విడతకూ సరిచూసి, ఏది సరిగా పనిచేయడం లేదో అందరికీ తెలిసేలా ప్రచురించారు. ఆ నిజాయితీ లేకపోతే తక్కిన గణాంకాలకు బలం లేదు.

గుణదల చుట్టుపక్కల విలువల ప్రశ్నావళిని పరీక్షించాలనుకునేవాళ్లు ముందుగా ఆంధ్ర లొయోలా, మారిస్ స్టెల్లా కాలేజీల తరగతి గదుల్లోకి వెళతారు. అక్కడ కాగితాలు ఒక్క పీరియడ్‌లో నిండిపోతాయి. అక్కడితో ఆగితే మొదటి ప్రశ్నావళికి జరిగిందే మళ్లీ జరుగుతుంది. కాలేజీ గోడల లోపల వచ్చిన వలయం బయట రావాలని లేదు. ఆటోనగర్ షెడ్లలో పనిచేసే మెకానిక్కులను, ఈఎస్ఐ ఆసుపత్రి ఓపీ దగ్గర కూర్చున్న కార్మికుల కుటుంబాలను, కొండవాలు ఇళ్లలోని ఆడవాళ్లను, డెల్టా పల్లెల్లో కౌలు రైతులను కూడా అడగాలి. ఒక్కో సమూహంలో చుక్కలు ఎక్కడ పడ్డాయో విడిగా చూశాకే కలపాలి. తరగతిలో లెక్చరర్ నిలబడి ఉండగా నింపించకూడదు, కాగితం మీద రోల్ నంబరు రాయించకూడదు. పెద్దవాళ్లు చూస్తారన్న అనుమానం ఉంటే కట్టుబాటు మార్కు దానంతటదే పెరుగుతుంది.

చదవడం రానివాళ్లకు చదివి వినిపించాలి. అప్పుడు చదివే మనిషి కూడా కొలమానంలో భాగమవుతాడు. అతని యాస, వయసు, కులం గురించి ఎదుటివాళ్లు చేసుకునే ఊహ, మతం ప్రశ్న దగ్గర అతని గొంతులో వచ్చే మార్పు, అన్నీ జవాబులోకి చేరతాయి. కాబట్టి ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురు వేర్వేరు మనుషుల చేత చదివించి, జవాబులు ఎంత తేడాగా వస్తున్నాయో లెక్కకట్టి, ఆ తేడాను కూడా ఫలితాలతో పాటు అచ్చు వేయాలి.